ఫ్యూజ్ మార్చడం ఆపి, దాని చోట ఒక బ్రేక్ లైట్ బల్బు పెట్టి చూడండి

మీరు అడిగింది ముందు క్లుప్తంగా చెప్తాను, ఎక్కడైనా తేడా ఉంటే సరిచేయండి. ఏడేళ్ల హ్యాచ్‌బ్యాక్, గేర్ లివర్ ముందున్న కంపెనీ లైటర్ సాకెట్. ఫోన్ చార్జర్ ఒక్కోసారి బాగానే పనిచేస్తుంది, ఒక్కోసారి పెట్టగానే ఫ్యూజ్ పోతుంది. గాలి కొట్టే పంపు పెడితే రెండో టైరు పూర్తవకముందే పోతుంది. మొన్న స్పీడ్ బ్రేకర్ దాటుతుంటే సాకెట్లో ఏమీ లేకుండానే పోయింది. ఉండాల్సింది 15 ఆంపియర్ల నీలం ఫ్యూజ్. దసరాకి ముందు డాష్‌క్యామ్ (రోడ్డుని రికార్డు చేసే కెమెరా) పెట్టించారు, దానికి కరెంటు ఈ సాకెట్ వైరు నుంచే లాగారు. షాపులో అతను "30 వేసేయండి సార్, ఇక పోనే పోదు" అన్నాడు. వేయమంటారా అని మీ ప్రశ్న.

వేయొద్దు. ఇప్పటికే వేసి ఉంటే ఈ పూటే పీకేయండి. సాకెట్ లేకుండా నాలుగు రోజులు నడిపితే కొంపేమీ మునగదు.

షాపు అతను చెప్పింది ఒక రకంగా నిజమే, 30 వేస్తే ఫ్యూజ్ పోదు. దాని బదులు వైరు పోతుంది. ఫ్యూజ్ ఉన్నది మీ చార్జర్‌ని కాపాడటానికి అని చాలామంది అనుకుంటారు కానీ అది కాపాడేది డాష్‌బోర్డు వెనక, కార్పెట్ కింద, మీకు కనపడకుండా పోయే వైరుని. ఆ వైరు మందాన్ని బట్టే కంపెనీవాళ్లు 15 అని పెట్టారు. ఇంకో సంగతి, 15 అని రాసి ఉన్నంత మాత్రాన 15 దాటగానే ఫ్యూజ్ కరిగిపోదు. కార్లలో ఉండే, రెండు చదును కాళ్ల మామూలు బ్లేడ్ ఫ్యూజ్ తన రేటింగ్‌కి పది శాతం ఎక్కువని గంటల తరబడి మోస్తుంది. 35 శాతం ఎక్కువైతే సెకనులోపే పోవచ్చు, పది నిమిషాలు కూడా పట్టొచ్చు. రెట్టింపు కరెంటు వెళ్తే అయిదు సెకన్లలోపు పోవాలి. ఈ లెక్కన 30 ఆంపియర్ల ఫ్యూజ్ 33 ఆంపియర్లను రోజంతా మోస్తూ కూర్చుంటుంది, 15 కోసం వేసిన వైరు అంతసేపు మోయలేదు. పైగా మీ కారులో ఉన్నది పూర్తి షార్ట్ (పాజిటివ్ వైరు నేరుగా నెగెటివ్‌కి, అంటే కారు ఇనుప బాడీకి తగిలి ఉండటం) కాదు, అప్పుడప్పుడు తగిలి వదిలేసే షార్ట్. అలాంటి చోట 25 ఆంపియర్లు లీకవుతున్నాయనుకోండి, 12 వోల్టులతో గుణిస్తే 300 వాట్లు. ఇంట్లో రేడియో రిపేరుకి వాడే సోల్డరింగ్ ఐరన్ 25 వాట్లు ఉంటుంది, టంకాన్ని కరిగించడానికి అదే చాలు. ప్లాస్టిక్కు, స్పాంజి, కార్పెట్ మధ్యలో 300 వాట్లంటే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. పోయిన ఫ్యూజ్‌కి సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టేవాళ్లకీ ఇదే వర్తిస్తుంది. నేను ఈ పనిలో ఉన్నన్నాళ్లలో పొగ వచ్చిన కార్లు చాలా చూశాను, వాటిలో ఎక్కువ వాటికి ఫ్యూజ్ బాక్సు తెరిస్తే ఉండకూడని రంగు ఫ్యూజ్ ఏదో ఒకటి కనపడేది. రంగులు గుర్తుపెట్టుకోండి: ఎరుపు 10, నీలం 15, పసుపు 20, తెల్లగా పారదర్శకంగా ఉండేది 25, ఆకుపచ్చ 30. మీ సాకెట్ గడిలో ఆకుపచ్చ కనపడకూడదు.

ఇక అసలు పని. మీరు రాసినదాంట్లో నాకు కనపడుతున్నది ఒక జబ్బు కాదు, కనీసం రెండు. గాలి పంపు పెట్టిన కాసేపటికి పోవడం ఒక రకం. చార్జర్ పెట్టిన క్షణంలో పోవడం, ఏమీ లేకుండా కుదుపుకి పోవడం ఇంకో రకం. రెండింటినీ కలిపి ఆలోచిస్తే ఎప్పటికీ దొరకదు. అందుకే ఫ్యూజ్ ఎలా పోయిందో, ఎప్పుడు పోయిందో ముందు చూడమంటాను.

పోయిన ఫ్యూజులు పారేశారా, దాచారా? ఉంటే వెలుతురులో పట్టుకుని కిటికీ లాంటి భాగంలోంచి చూడండి. లోపలి తీగ మధ్యలో నీటుగా కరిగి తెగి, ప్లాస్టిక్ శుభ్రంగానే ఉంటే అది మెల్లగా పోయింది, అంటే లోడు ఎక్కువైంది. లోపలంతా నల్లగా మసిబారి, లోహపు తుంపరలు ప్లాస్టిక్‌కి అంటుకుని ఉంటే ఒక్కసారిగా పోయింది, అంటే నేరుగా షార్ట్. ఫ్యూజ్ కాళ్ల దగ్గర ప్లాస్టిక్ గోధుమరంగుకి మారి మెత్తబడి ఉంటే మాత్రం అది మూడోది, ఫ్యూజ్ కూర్చునే గడిలో పట్టు వదులై అక్కడే వేడెక్కుతోంది. అలా ఉంటే ఎన్ని ఫ్యూజులు మార్చినా లాభం లేదు, ఆ గడిలోని టెర్మినల్ మార్చాలి.

గాలి పంపు సంగతి తొందరగా తేల్చేద్దాం, అది తేలిక. మీ సాకెట్ మూత మీద గానీ లోపల అంచు మీద గానీ 12 వోల్టులు, 120 వాట్లు అని ఉంటుంది, చాలా కార్లలో అంతే. అంటే 10 ఆంపియర్లు. చిన్న గాలి పంపులు 10 నుంచి 15 ఆంపియర్లు లాగుతాయి, మోటారు మొదలయ్యే క్షణంలో ఇంకా ఎక్కువ. టైరులో ఒత్తిడి పెరిగేకొద్దీ మోటారుకి బరువు పెరిగి కరెంటు కూడా పెరుగుతుంది. అందుకే మొదటి టైరు అయిపోయి రెండో టైరు చివర్లో పోతోంది. దీన్ని పంపు తప్పనీ అనలేం, కారు తప్పనీ అనలేం, ఆ పంపుకి ఆ సాకెట్ చాలదు, అంతే. పంపు అడుగున రాసి ఉన్న ఆంపియర్లు చూడండి. 10 దాటితే సాకెట్‌కి పెట్టొద్దు, బ్యాటరీకి నేరుగా క్లిప్పులు పెట్టే రకం కొనుక్కోండి. దాని వైరుకి సొంత ఫ్యూజ్ ఉందో లేదో చూసి మరీ కొనండి. అసలు ఎంత లాగుతోందో కొలవాలని మల్టీమీటర్ 10 ఆంపియర్ల జాక్‌లో పెట్టి కూర్చోకండి, మీటరు లోపలి ఫ్యూజ్ పోవచ్చు. కొలిస్తే వైరు చుట్టూ పట్టుకుని కొలిచే క్లాంప్ మీటరుతో కొలవాలి, అది కూడా డీసీ కొలిచేదై ఉండాలి. తక్కువ ధరకి దొరికే క్లాంప్ మీటర్లు చాలావరకు ఏసీ కరెంటు మాత్రమే కొలుస్తాయి, కారులో సున్నా చూపిస్తాయి, దాన్ని చూసి "ఏమీ లాగట్లేదే" అనుకునే ప్రమాదం ఉంది.

కారులో వాక్యూమ్ క్లీనరు, లాప్‌టాప్ కోసం పెట్టే 150 వాట్ల ఇన్వర్టరు కూడా ఇదే కోవ. ఇన్వర్టరు పూర్తి లోడులో ఉంటే 14 ఆంపియర్ల దాకా లాగుతుంది. వెనక సీటు వాళ్లకి ఇంకో సాకెట్ ఉండి, రెండూ ఒకే ఫ్యూజ్ మీద ఉన్నాయనుకోండి, వెనక పిల్లలు ఏం పెట్టారో ముందున్న మీకు తెలియదు.

అసలు కష్టం రెండో రకంతోనే.

మొదట సాకెట్లోకి టార్చ్ వేసి చూడండి. నవ్వులాటగా చెప్పడం లేదు, నేను చూసిన కేసుల్లో చాలావాటికి జవాబు అక్కడే దొరికింది. సాకెట్ లోపలి వ్యాసం సుమారు 21 మిల్లీమీటర్లు. ఇప్పుడు వస్తున్న చిన్న రూపాయి బిళ్ళ 20 మిల్లీమీటర్లు. కప్పు పెట్టుకునే చోటు పక్కనే సాకెట్, మూత ఎప్పుడో ఊడిపోయి ఉంటుంది, చిల్లర అక్కడే పడేస్తాం, ఒక బిళ్ళ జారి అడుగున పడుకుంటుంది. సాకెట్ మధ్యలో పిన్ను పాజిటివ్, చుట్టూ గోడ నెగెటివ్. బిళ్ళ ఆ రెండింటికీ తగిలీ తగలకుండా ఉంటుంది. చార్జర్ పెట్టినప్పుడు అది బిళ్ళని కిందికి నొక్కుతుంది, లేదా కుదుపుకి బిళ్ళ పక్కకి ఒరుగుతుంది. ఫట్. బిళ్ళే కావాలని లేదు, పిన్నీసు, తలలో పెట్టుకునే సైడు పిన్ను, మాత్రల అట్ట మీది రేకు ముక్క, ఏదైనా చాలు. ఇంకోటి ఎక్కువమందికి తట్టదు: చవక చార్జర్ల కొన దగ్గర మర తిప్పే మూత ఉంటుంది, దాని లోపల చిన్న గాజు ఫ్యూజ్, స్ప్రింగు. వాడగా వాడగా ఆ మర వదులై, చార్జర్ లాగినప్పుడు మూత సాకెట్లోనే ఉండిపోతుంది. మీ చార్జర్ కొన ఒకసారి చూడండి, మొద్దుగా ఖాళీగా ఉంటే దాని ముక్క ఎక్కడుందో అర్థమైనట్టే.

లోపల ఏదైనా కనపడితే ముందు ఫ్యూజ్ పీకేసి, ఆ తర్వాతే చెయ్యి పెట్టండి. తాళం తీసేశాం కదా అనుకోవద్దు, కొన్ని కార్లలో ఈ సాకెట్‌కి తాళం లేకపోయినా కరెంటు ఉంటుంది. ఇనుప పట్టకారు వద్దు, చెక్కదో ప్లాస్టిక్‌దో వాడండి. టీ, కూల్‌డ్రింక్ ఒలికి లోపల పచ్చగా చిలుము పట్టి ఉంటే కాంటాక్ట్ క్లీనరు కొట్టి ఆరనివ్వండి. మధ్య పిన్ను దగ్గరుండే రేకు ఒక పక్కకి వంగి గోడవైపు వాలి ఉందేమో కూడా చూడండి. చార్జర్‌ని అడ్డంగా పెట్టి తిప్పడం, కాలు తగలడం వల్ల అది వంగుతుంది, ఆ స్థితిలో ఒక చార్జర్‌తో పనిచేస్తుంది, కాస్త పొడుగు కొన ఉన్న ఇంకో చార్జర్‌తో షార్ట్ అవుతుంది. వంగిన రేకుని సరిచేయడం కంటే సాకెట్ మార్చడమే మంచిది, పెద్ద ఖరీదైన వస్తువేమీ కాదు.

చార్జర్‌ని కూడా వదలొద్దు. మల్టీమీటరు ఓమ్స్‌లో (రెసిస్టెన్స్ కొలిచే చోట) పెట్టి ఒక కొన చార్జర్ ముక్కుకి, ఇంకోటి పక్కనుండే స్ప్రింగు రేకుకి ఆనించండి. సున్నాకి దగ్గరగా చూపిస్తే ఆ చార్జర్ లోపల షార్ట్ అయింది, చెత్తబుట్టలో వేయండి. ఇంకొకరి కారులో పెట్టి పరీక్షించడం మాత్రం చేయకండి, వాళ్ల ఫ్యూజ్ కూడా పోతుంది. ఊళ్లో లారీ ఉన్న స్నేహితుడి దగ్గర పెట్టి చూస్తానంటే అది ఇంకా తప్పు, లారీల్లో 24 వోల్టులుంటాయి, 12కే చేసిన చార్జర్ అక్కడే మాడిపోతుంది.

ఇవన్నీ సరిగ్గా ఉన్నాయనుకుందాం. ఇప్పుడు పైన చెప్పిన బల్బు పని. ఏ ఎలక్ట్రికల్ షాపులోనైనా 12 వోల్టుల 21 వాట్ల బ్రేక్ లైట్ బల్బు, దానికో హోల్డరు దొరుకుతాయి. పోయిన ఫ్యూజ్ ఒకటి తీసుకుని దాని రెండు కాళ్ల పై భాగంలో, లోహం బయటికి కనపడే చోట, రెండు వైర్లు టంకం పెట్టించండి. ఆ వైర్ల రెండో కొసలు బల్బు హోల్డరుకి. ఇప్పుడు ఈ చచ్చిపోయిన ఫ్యూజ్‌ని సాకెట్ ఫ్యూజ్ గడిలో గుచ్చితే, ఫ్యూజ్ గుండా వెళ్లాల్సిన కరెంటంతా బల్బు గుండా వెళ్తుంది. లైనులో పూర్తి షార్ట్ ఉన్నా సరే, బల్బు లాగేది రెండు ఆంపియర్లలోపే. వైరు వేడెక్కదు, ఫ్యూజ్ పోదు, బల్బు ఫుల్లుగా వెలిగి "షార్ట్ ఇప్పుడు ఉంది" అని చెప్తుంది. షార్ట్ పోయిన క్షణంలో ఆరిపోతుంది. ఫ్యూజుల మీద డబ్బు తగలేస్తూ చీకట్లో వెతికే బదులు, షార్ట్ ఎప్పుడు వస్తోందో ఎప్పుడు పోతోందో కళ్ల ముందే కనపడుతుంది. ఒక్క జాగ్రత్త, ఆ బల్బు బాగా వేడెక్కుతుంది, సీటు మీదో ప్లాస్టిక్ మీదో పడేయకండి, ఒక గాజు గ్లాసులో పెట్టండి.

తాళం యాక్సెసరీ దగ్గరికి (ఇంజను స్టార్ట్ చేయకుండా స్టీరియో పనిచేసే చోటికి) తిప్పి, సాకెట్లో ఏమీ లేకుండా బల్బుని చూడండి. ఫుల్లుగా వెలిగితే షార్ట్ ఇప్పుడే ఉంది, మీ అదృష్టం, దొరికినట్టే. మసకగా వెలిగితే కంగారు పడొద్దు, ఆ ఫ్యూజ్ మీద ఇంకేదో మామూలుగా కరెంటు తీసుకుంటోందని అర్థం. కొన్ని కార్లలో ఈ ఒక్క ఫ్యూజ్ మీదే సాకెట్‌తో పాటు స్టీరియో, కరెంటుతో తిరిగే సైడు అద్దాలు, మెకానిక్‌లు స్కానరు పెట్టే ఓబీడీ పోర్టు కూడా ఉంటాయి. మీ కారులో ఫ్యూజ్ పోయినప్పుడు ఇంకేవి పనిచేయడం మానేస్తున్నాయో గుర్తుచేసుకోండి, అది మంచి ఆధారం. సైడు అద్దాలు కూడా ఆగిపోతున్నాయనుకోండి, షార్ట్ సాకెట్లో కాకుండా తలుపు దగ్గర రబ్బరు గొట్టంలో తెగిన వైరులో ఉండొచ్చు, సాకెట్‌ని ఎంత పీకి చూసినా దొరకదు.

బల్బు అసలు వెలగకపోతే అప్పుడు కారుని కదిలించడం మొదలుపెట్టాలి. మీ కేసులో ఇదే జరుగుతుందని నా అంచనా. ఇద్దరు కావాలి. ఒకరు బల్బునే చూస్తూ ఉండాలి, ఇంకొకరు ఒక్కొక్క చోటా కదపాలి. సాకెట్లో చార్జర్ పెట్టి నాలుగు వైపులా మెల్లగా ఆడించండి. గేర్లు అన్నీ వేసి తీయండి, హ్యాండ్ బ్రేక్ లాగి వదలండి. సీటు ముందుకీ వెనక్కీ జరపండి. కన్సోల్ (ముందు సీట్ల మధ్య, గేరు చుట్టూ ఉండే ప్లాస్టిక్ భాగం) మీద పిడికిలితో మెల్లగా కొట్టండి. చివరగా డాష్‌క్యామ్ వైరు, అద్దం దగ్గర మొదలుపెట్టి స్తంభం మీదుగా కింది దాకా, జానెడు జానెడు నొక్కుకుంటూ రండి. ఎక్కడ నొక్కితే బల్బు మినుక్కుమందో అక్కడే మీ జబ్బు. తొందరపడొద్దు, ఒక్కో చోట పది సెకన్లు ఆగండి. మొదటిసారి మినుక్కుమన్నప్పుడు అనుమానం తీరకపోతే మళ్లీ అక్కడే కదపండి.

నా అనుమానం మొదటి నుంచీ ఆ డాష్‌క్యామ్ అతుకు మీదే. డాష్‌క్యామ్ మీద కాదు, అతుకు మీద. కెమెరాలు లాగేది ఒక ఆంపియరులోపే, అది ఫ్యూజ్‌ని పోగొట్టలేదు. కానీ హడావుడిగా పెట్టే చోట ఏం చేస్తారంటే, సాకెట్ వెనక వైరు మీద ఇన్సులేషన్ బ్లేడుతో కోసి, రాగి పోగులు బయటికి తీసి, కెమెరా వైరు దానికి మెలితిప్పి, పైన నల్ల టేపు నాలుగు చుట్లు చుట్టి లోపలికి నెట్టేస్తారు. మన ఎండలకి ఆరుబయట ఆపిన కారులో డాష్‌బోర్డు వెనక వేడికి ఆ టేపు జిగురు జావలా కారిపోతుంది. టేపు చుట్టు వదులై పక్కకి జారుతుంది. ఎండాకాలం దాటిన అతుకుని విప్పి చూడండి, టేపు ఒక పక్కకి గొట్టంలా జరిగిపోయి, నల్లటి బంక అంటుకున్న రాగి పోగులు రెండు మూడు మీసాల్లా బయటికి పొడుచుకుని ఉంటాయి. ఆ పోగు పక్కనున్న ఇనుప బ్రాకెట్‌కి తగిలితే షార్ట్. పోగు సన్నం కాబట్టి తగిలిన చోట కాస్త కాలిపోయి విడిపోతుంది, మీరు కొత్త ఫ్యూజ్ వేస్తే అంతా బాగుంటుంది, ఇంకో పోగు తగిలేదాకా. వారం బాగుండి మళ్లీ పోవడం, కుదుపుకి పోవడం, సరిగ్గా ఇలాంటి చోటే జరుగుతుంది. ఇది పరీక్షించడం తేలిక. అతుకు దగ్గర కెమెరా వైరుని విడదీసి, కొసలకి విడివిడిగా టేపు చుట్టి, సరైన 15 ఫ్యూజ్ వేసి వారం రోజులు నడపండి. పోలేదంటే దొంగ దొరికినట్టే.

అతుకు బాగానే ఉందంటే వైరు నలిగిన చోటు వెతకాలి. కన్సోల్ విప్పి బిగించినప్పుడు స్క్రూ కింద ఇరుక్కున్న వైరు, సీటు పట్టాల మధ్య నలిగిన వైరు, కొత్త ఫ్లోర్ మ్యాట్ కుట్టించినప్పుడో సీటు కవర్లు వేయించినప్పుడో లాగేసిన వైరు. ఈమధ్య కారుకి ఏ పని చేయించారో వరసగా రాసుకోండి, షార్ట్ మొదలైన తేదీకి ముందు జరిగిన పనినే మొదట అనుమానించాలి. ఎలుకల సంగతి కూడా మర్చిపోవద్దు. సెల్లార్లో ఆపే కార్లకి, పొలాల పక్కన ఆపే కార్లకి ఇది మామూలే. బానెట్ కింద, గ్లవ్ బాక్సు వెనక ఎలుక పెంటికలు గానీ కొరికిన స్పాంజి పొడి గానీ కనపడితే వైర్లన్నీ పట్టిపట్టి చూడాల్సిందే. ఎలుక ఒక్క వైరుతో ఆగదు.

వాన పడినప్పుడో కడిగించినప్పుడో ఎక్కువగా పోతోందా అనేది మీరు రాయలేదు. అలా అయితే ముందు సీటు కింద కార్పెట్ ఎత్తి చెయ్యి పెట్టి చూడండి. వాన లేకపోయినా, ఏసీ నీళ్లు బయటికి పోయే గొట్టం పూడుకుపోతే ఆ నీళ్లు కన్సోల్ కిందికే చేరతాయి, పైకి ఏమీ కనపడదు, కార్పెట్ అడుగున స్పాంజి మాత్రం తడిసి ముద్దయి ఉంటుంది.

మల్టీమీటరుతో చూస్తే సరిపోదా అని ఎవరైనా అడుగుతారు. పూర్తి షార్ట్ అయితే సరిపోతుంది. ఫ్యూజ్ పీకి, తాళం తీసి, ఫ్యూజ్ గడిలో సాకెట్ వైపు కాలుకీ బాడీకీ మధ్య ఓమ్స్ చూడాలి. రెండు కాళ్లలో సాకెట్ వైపుది ఏదంటే, ఫ్యూజ్ లేకుండా తాళం ఆన్‌కి తిప్పినప్పుడు కరెంటు రాని కాలు. అక్కడ ఒక ఓమ్ కంటే తక్కువ వస్తే నేరుగా షార్ట్, మీటరు వైర్లకే కొంచెం రెసిస్టెన్స్ ఉంటుంది కాబట్టి కచ్చితంగా సున్నా రాకపోవచ్చు. అప్పుడు సాకెట్ వెనక కప్లరు (వైర్లని సాకెట్‌కి కలిపే ప్లాస్టిక్ ముక్క) ఊడదీసి మళ్లీ చూడండి. రీడింగు పెరిగిపోతే తప్పు సాకెట్‌ది, పెరగకపోతే వైరుదో అతుకుదో. కానీ మీలాగా వచ్చిపోయే షార్ట్‌కి మీటరు మంచి సాధనం కాదు. అది పంపే కరెంటు అతి తక్కువ, అంకెలు నిలకడగా రావడానికి క్షణం పడుతుంది, ఆలోపు తగలాల్సింది తగిలి వదిలేస్తుంది. బల్బు అలా కాదు, రెప్పపాటులో మినుక్కుమన్నా ఓరకంటికి తెలుస్తుంది.

కన్సోల్ విప్పాల్సి వస్తే రెండు మాటలు. బ్యాటరీ నెగెటివ్ తీసి కొన్ని నిమిషాలు ఆగాకే స్క్రూలు ముట్టుకోండి, ఎంతసేపు ఆగాలో మీ కారు పుస్తకంలో ఉంటుంది. పసుపు కప్లర్లు, పసుపు తొడుగు వైర్లు ఎయిర్‌బ్యాగులవి, వాటికి బల్బు గానీ మీటరు గానీ ఎట్టి పరిస్థితిలోనూ పెట్టొద్దు, ఊడదీయొద్దు. చాలా కార్లలో ఎయిర్‌బ్యాగు కంప్యూటరు సరిగ్గా గేరు దగ్గర కన్సోల్ కిందే ఉంటుంది, అంటే మీరు పనిచేయబోయే చోటే. చెయ్యి తిరగనివాళ్లు ఇక్కడ ఆగి ఎలక్ట్రీషియన్ని పిలవడం మంచిది. కారు ఇంకా వారంటీలో ఉన్నవాళ్లు వైరు కోయడం గానీ అతకడం గానీ చేయకుండా నేరుగా సర్వీస్ సెంటరుకే తీసుకెళ్లండి.

బయట కొన్న సాకెట్ బిగించిన కార్లలో ఇంకో తప్పు కూడా వస్తుంది, వైర్లు తారుమారు చేయడం. గోడకి పాజిటివ్, మధ్య పిన్నుకి నెగెటివ్ ఇచ్చేస్తారు. ప్లాస్టిక్‌లో బిగించినంతకాలం షార్ట్ ఉండదు, ఆ గోడ ఎక్కడైనా ఇనుప బ్రాకెట్‌కి తగిలితే వెంటనే ఫ్యూజ్ పోతుంది. మీది కంపెనీ సాకెట్ అన్నారు కాబట్టి మీకు ఈ సమస్య ఉండదు, పాత కార్లవాళ్లు ఎవరైనా చదువుతుంటే చూసుకోండి.

అతుకే కారణమని తేలితే మళ్లీ అదే చోట టేపు చుట్టి ఊరుకోకండి. కోసిన చోట వైరుని టంకం పెట్టించి, వేడికి ముడుచుకునే స్లీవ్ ఎక్కించి, కదలకుండా కట్టేయించండి. కెమెరాకి సాకెట్ వైరు వద్దు, ఫ్యూజ్ బాక్సులోనే ఫ్యూజ్ ట్యాప్ (ఒక ఫ్యూజ్ గడిలోంచి ఇంకో లైను తీసుకునే ముక్క) పెట్టించి దానికి విడిగా 2 లేదా 3 ఆంపియర్ల ఫ్యూజ్ వేయించండి. ట్యాప్‌ని ఏ వైపు తిప్పి గుచ్చారో చూడాలి, తిరగేసి పెడితే కెమెరా కరెంటు కూడా పాత ఫ్యూజ్ గుండానే వెళ్తుంది, విడిగా ఫ్యూజ్ వేయించిన ప్రయోజనం సగం పోతుంది. ముందు అద్దం పక్క స్తంభంలో కర్టెన్ ఎయిర్‌బ్యాగు ఉన్న మోడల్ అయితే వైరు ఆ బ్యాగు వెనకనుంచి పోవాలి, దాని మీదుగా అడ్డంగా పోకూడదు. ఎయిర్‌బ్యాగు తెరుచుకునేటప్పుడు వైరు అడ్డం పడుతుంది.

ఫ్యూజులు కొనేటప్పుడు లిటిల్‌ఫ్యూజ్, బాష్ లాంటి పేరున్న కంపెనీవే తీసుకోండి. ఏ పేరూ లేని కవర్లలో వంద కలిపి అమ్మే రకం వద్దు, వాటిలో 15 అని రాసి ఉన్నది 15లాగే ప్రవర్తిస్తుందని నమ్మలేం. మీ గడికి సరిపోయే సైజు కూడా చూసుకోండి, మామూలు బ్లేడు, మినీ, పొట్టి మినీ అని వేరువేరుగా ఉంటాయి, పట్టకపోతే బలవంతంగా దోపొద్దు. షార్ట్ దొరికి బాగయ్యాక ఒకటి సాకెట్ గడిలో వేసి రెండు గ్లవ్ బాక్సులో పెట్టుకోండి.

పోయిన ఫ్యూజులు ఫోటో తీసి పెట్టండి, లోపల మసి ఉందో లేదో కనపడేలా దగ్గరగా తీయండి. ఫ్యూజ్ పోయినప్పుడు సాకెట్‌తో పాటు ఇంకేవి ఆగిపోతున్నాయో, బల్బు పెట్టి కదిపినప్పుడు ఎక్కడ వెలిగిందో కూడా రాయండి. ఆ మూడూ తెలిస్తే ఏ వైపు విప్పాలో చెప్పగలను, అప్పటిదాకా పరీక్షకి తప్ప ఆ గడి ఖాళీగా ఉంచండి.